మామూలు రొట్టెకీ సత్ప్రసాదానికీ తేడా తెలిస్తే చాలదా?

ముందే ఒక మాట చెప్పేస్తాను. మేము కతోలికులం. గుంటూరు వైపు పల్లెల్లో అయితే "ఆర్సీయమ్మోళ్ళు" అంటారు, రోమన్ కేథలిక్ మిషన్ అన్నదానికి అది పల్లె ముద్దుపేరు. నేను రాసేవి చదివేవాళ్ళలో చాలామందికి ఈ గొడవ కొత్త కాబట్టి కొంచెం విడమరిచి రాస్తాను. తెలిసినవాళ్ళు ఓపిక పట్టండి.

మాలో బిడ్డ పుట్టిన కొన్ని వారాలకే జ్ఞానస్నానం ఇప్పిస్తారు. ఏడెనిమిదేళ్ళు వచ్చాక మొదటి పాపసంకీర్తనం, ఆ వెంటనే మొదటి దివ్యసత్ప్రసాదం. ఇంకొన్నేళ్ళకి పీఠాధిపతి, అంటే బిషప్‌గారు, వచ్చి నుదుట తైలం పూసి ఇచ్చేది భద్రమైన అభ్యంగనం. మొదటి సత్ప్రసాదం గురించి చెప్తుంటే మా టీమ్‌లో ఒకతను "మా ఉపనయనంలాంటిదా బాస్?" అని అడిగాడు. బయటికి అలాగే కనిపిస్తుంది గానీ కాదు. ఉపనయనం చదువుకి మొదలు. ఇది భోజనానికి సంబంధించింది. అప్పటిదాకా పక్కన కూర్చుని చూస్తూ ఉన్న పిల్లకి, ఇంట్లో అందరూ తినే పంక్తిలో ఒక ఆకు వెయ్యడం. అంతే.

ఇప్పుడు గొడవ ఏమిటంటే, మేము హైదరాబాదులో వెళ్ళే విచారణలో (పారిష్‌ని మా తెలుగులో విచారణ అంటారు, సీబీఐ గుర్తొస్తే నా తప్పు కాదు) ఈ ఏడాది ఆ ఆకు వెయ్యడానికి రాతపరీక్ష పెట్టారు. 50 మార్కులకి. పాస్ మార్కు 25. హాజరు 80 శాతం ఉంటేనే పరీక్ష రాయనిస్తారు. నాలుగేళ్ళుగా అక్కడ ఆదివారం పిల్లలకి పాఠం చెప్పేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మీటింగులో వద్దన్నాను. మిగతావాళ్ళంతా కావాలన్నారు, వాళ్ళదే నెగ్గింది. 26 మంది పిల్లల్లో అయిదుగురు ఆగిపోయారు. వాళ్ళని వచ్చే ఏడాది మళ్ళీ రమ్మన్నారు.

ఆ అయిదుగురిలో ఒక పిల్ల సంగతి చెప్పాలి. పదేళ్ళుంటాయి. వాళ్ళమ్మ అపార్ట్‌మెంట్లలో పని చేస్తుంది. ఆదివారం అందరూ ఇంట్లో ఉంటారు, చుట్టాలొస్తారు, గిన్నెలు రెట్టింపు. అంటే మాకు సెలవు రోజు ఆవిడకి అన్నిటికంటే బరువైన రోజు. అందుకని ఈ పిల్ల తమ్ముణ్ణి చూసుకుంటూ ఇంట్లో ఉండిపోతుంది. వచ్చిన రోజు వాణ్ణి చంకనేసుకునే వస్తుంది. పూజలో పాడే పాటలన్నీ నోటికొచ్చు. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, రాయడం రాదు. ఒకసారి నేను క్లాసులో ఊరికే అడిగాను, "గుళ్ళో అందరూ వరసలో వెళ్ళి ఏం తీసుకుంటారమ్మా?" అని. "అప్పంలాగే ఉంటది గానీ అప్పం కాదు సార్. యేసుసామి" అంది. ఇంత చెప్పాక ఇంకేం పరీక్ష పెడతారండీ?

ఇది నా మెత్తమనసు వల్ల చెప్తున్న మాట కాదు. సభ చరిత్ర చూడండి. మొదటి శతాబ్దాల్లో చంటిపిల్లలకి కూడా జ్ఞానస్నానంతో పాటే సత్ప్రసాదం ఇచ్చేవారు. తూర్పు సంఘాల్లో చాలావాటిలో ఇప్పటికీ ఇస్తారు. పశ్చిమాన అది నెమ్మదిగా ఆగిపోయింది. 1215లో నాలుగో లాటరన్ మహాసభ "వివేకం వచ్చిన వయసు" నుంచి ఏడాదికోసారైనా పాపసంకీర్తనం చేసి సత్ప్రసాదం తీసుకోవాలి అంది. బాగానే ఉంది. కానీ ఆ వివేకం ఎప్పుడొస్తుంది అన్నది పెద్దవాళ్ళ చేతిలో పడింది. పడ్డాక ఏమవుతుందో మీకు తెలిసిందే! పదేళ్ళన్నారు, పన్నెండన్నారు, కొన్నిచోట్ల పద్నాలుగు దాటించారు. మా ఆఫీసులో ప్రమోషన్ రూల్స్ లాగా ప్రతి ఏడూ ఒక కొత్త అర్హత.

దీన్ని తెగ్గొట్టింది పదో పయస్ పోపుగారు. 1910 ఆగస్టు 8న 'క్వామ్ సింగులారి' అనే ఆజ్ఞ వచ్చింది. వివేకం అంటే బిడ్డ ఆలోచించడం మొదలుపెట్టే వయసు, సుమారుగా ఏడేళ్ళు, కాస్త అటూ ఇటూ. సత్యోపదేశం మొత్తం పూర్తిగా తెలిసి ఉండక్కర్లేదు. తన వయసుకి తగ్గట్టు విశ్వాసంలో ముఖ్యమైన సంగతులు తెలిసి, మామూలు రొట్టెకీ సత్ప్రసాదానికీ తేడా తెలిస్తే, భక్తిగా తీసుకోగలిగితే చాలు. మిగతాది తర్వాత మెల్లగా నేర్చుకుంటారు. ఇదీ దాని సారాంశం. రాసి వందేళ్ళు దాటింది. 1983 నాటి సభ చట్టంలో 913వ సూత్రం కూడా ఇదే దారిలో ఉంది: పిల్లలకి తగినంత తెలివిడి, జాగ్రత్తగా చేసిన తయారీ ఉండాలి, అదీ వాళ్ళ శక్తి మేరకు. 914వది ఆ తయారీ బాధ్యతని మొట్టమొదట తల్లిదండ్రుల మీద, తర్వాత విచారణ గురువుల మీద పెట్టింది. బిడ్డ ఇంకా సిద్ధంగా లేదనిపిస్తే ఆపే అధికారం గురువులకి ఉంది, కాదనను. కానీ ఆయన ఆ బిడ్డతో మాట్లాడి చూసి ఆపాలి. 25 మార్కులు రాలేదని ఎక్సెల్ షీటు ఆపకూడదు.

మీటింగులో నాకు వచ్చిన జవాబు: "పరీక్ష లేకపోతే ఎవరూ చదవరు సార్. చుట్టూ చూడండి, బాప్టిస్టుల పిల్లలకి వచనాలు ఎలా నోటికొస్తాయో! మనవాళ్ళకి పరలోక జపం కూడా తిన్నగా రాదు." ఇందులో నిజం ఉంది. మా చుట్టాల్లో సగం మంది బాప్టిస్టులు, లూథరన్లు. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు వాళ్ళ పిల్లలు బైబిలు వచనాలు గడగడా అప్పజెప్తుంటే మావాళ్ళు దిక్కులు చూస్తారు. కంఠస్థం పనికిరాదని నేను అనటం లేదు. మా నాయనమ్మ చివరి నెలల్లో మమ్మల్ని ఎవరినీ గుర్తుపట్టేది కాదు. జపమాల చేతికిస్తే మాత్రం మంగళవార్త జపం ఒక్క అక్షరం పోకుండా చెప్పేది. చిన్నప్పుడు పట్టిన మాట అలా మిగులుతుంది. అందుకని జపాలు నేర్పాల్సిందే, రోజూ చెప్పించాల్సిందే. నేను వద్దనేది మార్కులనీ, ఆ మార్కులు రాలేదని పంక్తిలోంచి లేపెయ్యడాన్నీ.

పైగా ఆ పరీక్ష ఏం కొలిచిందో చూడండి. మావాడికి 50కి 47 వచ్చాయి. ఇంటికొచ్చి వాడన్న మొదటి మాట, "నాన్నా, ఇంక సండే క్లాస్ ఉండదు కదా?" :-) వాణ్ణి ఏమీ అనలేం. మనం పరీక్ష పెట్టాం, వాడు పరీక్ష రాశాడు. పరీక్ష అయ్యాక పుస్తకం అటకెక్కించడం మన దేశంలో ఏ పిల్లకీ నేర్పక్కర్లేదు.

మా నాన్న వాళ్ళ తరానికి ఈ చదువు చెప్పింది ఉపదేశిగారు. పల్లెల్లో పెరిగిన తెలుగు కతోలికులకి ఈ మాట వింటేనే ఒక మనిషి కళ్ళముందు కనిపిస్తాడు. ఒక్క స్వామివారికి పది, పదిహేను ఊళ్ళుంటాయి. ఆయన మా ఊరికి పూజ చెయ్యడానికి నెలకోసారో రెండుసార్లో వచ్చేవారు. మిగతా ఆదివారాలు ప్రార్థన నడిపేదీ, చావుకీ పుట్టుకకీ ముందు నిలబడేదీ, పిల్లలకి సాయంత్రం పూట గుడి అరుగు మీద సత్యోపదేశం చెప్పేదీ ఉపదేశే. ఆయన పద్ధతి కూడా ప్రశ్నా జవాబే. ఆయన అడగడం, మేమంతా కలిసి అరవడం. పుస్తకం ఆయన దగ్గర ఒక్కటే ఉండేది. కానీ గమనించాల్సింది ఏమిటంటే, ఆయనకి ప్రతి ఇల్లూ తెలుసు. మిరపకోతలకి వెళ్ళి మూడు నెలలు ఊళ్ళో లేని పిల్లలు తిరిగొస్తే వాళ్ళని విడిగా కూర్చోబెట్టి చెప్పేవాడు. హాజరు పట్టీ ఆయన బుర్రలో ఉండేది. అది ఎవరినైనా తీసెయ్యడానికి కాదు, ఎవరి ఇంటికి వెళ్ళాలో తెలుసుకోవడానికి. 2021 మేలో ఫ్రాన్సిస్ పోపుగారు ఉపదేశి పనిని సభలో ఒక అధికారిక పరిచర్యగా ప్రకటించారు. రోములో అది కొత్త వార్త. మా పల్లెల్లో అయితే తాతల నాటి సంగతి.

ఆ మనిషి పట్నంలో లేడు. ఆయన స్థానంలో వచ్చింది స్కూలు. బెంచీలు, యూనిట్లు, వర్క్‌బుక్కులు, టర్మ్ ఎగ్జామ్. మాలాంటి ఉద్యోగస్థులకి తెలిసిన పద్ధతి అదొక్కటే కాబట్టి ఆదివారం కూడా అదే పెట్టాం.

భాష సంగతి వేరే పెద్ద కథ. మా దగ్గర ఇంగ్లీషు క్లాసు ఒకటి, తెలుగు క్లాసు ఒకటి. కాస్త ఉన్నవాళ్ళ పిల్లలు ఇంగ్లీషులోకి, పనివాళ్ళ పిల్లలు తెలుగులోకి దానంతటదే పోతుంది, ఎవరూ విడగొట్టక్కర్లేదు. తెలుగు క్లాసులో పుస్తకం తెరిస్తే సంస్కారాలకి పాత మాట ఒకటి తగులుతుంది: దేవద్రవ్యానుమానములు. తమిళ కతోలికుల పాత పుస్తకాల్లోనూ ఇదే మాట ఉంటుంది. నేను బోర్డు మీద రాయగానే ఒక బుడ్డోడు లేచి "సార్, అనుమానం అంటే డౌటు కదా?" అన్నాడు. "దేవుడి మీద డౌటా సార్?" ఇంకొకడు. ఆ రోజు పాఠం ఇంక సాగలేదనుకోండి. నేనిప్పుడు ఆ మాట ఎత్తను. ఏడు గుర్తులు అంటాను. నీళ్ళు, నూనె, రొట్టె, ద్రాక్షరసం, చెయ్యి తల మీద పెట్టడం... ఇవన్నీ పిల్లలకి తెలిసినవే. వాటి వెనక ఏముందో చెప్పడమే పాఠం. ఒక ఆదివారం గోధుమపిండి తీసుకెళ్ళి పులవకుండా రొట్టెలు కాల్చి చూపించాం. నిర్గమకాండంలో ఇశ్రాయేలీయులు పిండి పులిసేంత తీరిక కూడా లేకుండా బయల్దేరిన కథ ఆ రోజు చెప్తే, ఇప్పటికీ మర్చిపోలేదు ఒక్కడూ. దీనికి పరీక్ష ఎందుకు?

పాపసంకీర్తనం దగ్గరికొస్తే నాకు ఇంకొంచెం గట్టి అభిప్రాయాలున్నాయి. 1970ల ముందు వెనకల కొన్ని దేశాల్లో ముందు సత్ప్రసాదం, కొన్నేళ్ళ తర్వాత పాపసంకీర్తనం అని ప్రయోగాలు చేశారు. 1973లో వాటికన్ ఆ ప్రయోగాలు చాలించమంది. ముందు పాపసంకీర్తనమే ఉండాలంది. నాకు ఆ వరస సరైనదే అనిపిస్తుంది. తప్పు చేశాక తిరిగి ఇంట్లోకి రావచ్చు అని ఎనిమిదేళ్ళకి తెలియడం మంచిదే. కానీ మేం తయారుచేసే తీరు ఎలా ఉందంటే, టీచరే పాపాల జాబితా ఇస్తుంది. అమ్మ మాట వినలేదు, అబద్ధం ఆడాను, తమ్ముణ్ణి కొట్టాను. ఇరవై ఆరు మందీ వెళ్ళి అవే మూడు చెప్పి వస్తారు. తమ్ముడు లేనివాడు కూడా తమ్ముణ్ణి కొట్టానని చెప్పి వస్తాడు! లోపల కూర్చున్న ఫాదర్‌గారి ఓపికకి దణ్ణం పెట్టాలి.

నేను మా క్లాసులో జాబితా ఇవ్వను. రాత్రి పడుకునే ముందు ఈ రోజు ఎవరికి బాధ కలిగించాను, ఎవరు నాకు మంచి చేశారు అని రెండు ప్రశ్నలు వేసుకోమంటాను. అంతకంటే ముందు రెండు సంగతులు చెప్తాను. ఒకటి, అక్కడ చెప్పింది స్వామివారు అమ్మకీ నాన్నకీ ఎవరికీ చెప్పకూడదు, చెప్తే సభలో ఆయనకి అతిపెద్ద శిక్ష. రెండోది, నిన్ను ఎవరైనా ఇబ్బంది పెడితే అది నీ పాపం కాదు, దాన్ని దాచుకోవద్దు, ఎవరు దాచుకోమన్నా సరే అమ్మకి చెప్పు. ఈ రెండోది ఎందుకు చెప్పాలో ఇన్నేళ్ళుగా ప్రపంచంలో బయటపడినవి చూసినవాళ్ళకి వివరించక్కర్లేదు. పిల్లల పాపసంకీర్తనం తలుపులేసిన గదిలో వద్దు, గుళ్ళో అందరికీ కనిపించే చోట, మాట వినపడనంత దూరంలో కుర్చీలు వేసి జరగాలి అని అడిగాం. మా ఫాదర్‌గారు వెంటనే ఒప్పుకున్నారు. ఇది ఎక్కడైనా అడగండి, మొహమాటం వద్దు.

ఇక ఫంక్షన్. అయ్యో, ఫంక్షన్! ఒకప్పుడు సత్ప్రసాదం తీసుకోవాలంటే అర్ధరాత్రి నుంచి నీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండాలి. ఆ నియమం 1953లో కొంత సడలింది, 1957లో మూడు గంటలైంది, 1964 నుంచి గంట. పాత రోజుల్లో పిల్లలు కడుపు మాడ్చుకుని పూజకొచ్చేవాళ్ళు కదా, అయిపోగానే మఠం సిస్టర్లు వాళ్ళని కూర్చోబెట్టి ఉప్మా పెట్టేవాళ్ళట. నాయనమ్మ ఆ ఉప్మా రుచి గురించి ఎనభై ఏళ్ళప్పుడు కూడా చెప్పేది. ఆ ఉప్మా ఇప్పుడు బఫే అయింది. ఆడపిల్లలకి గౌను, ముసుగు, కిరీటం, చేతులకి తొడుగులు. మగపిల్లలకి మే నెల ఎండలో కోటూ టై. ఫోటోగ్రాఫరు, డ్రోను, గుడి గేటుకి ఫ్లెక్సీ. ఫ్లెక్సీలో పిల్లాడి ఫోటో కంటే మేనమామ ఫోటో పెద్దది.

నవ్వులాటకి అంటున్నా గానీ ఇందులో నవ్వలేని సంగతి ఉంది. నాకు తెలిసిన రెండు కుటుంబాలు పిల్లలకి పరీక్షలో అన్నీ వచ్చినా "ఈ ఏడు వద్దులెండి సార్, డబ్బులు చూసుకుని వచ్చే ఏడు" అన్నాయి. జీతం ముందే అడిగి తీసుకుని గౌను కొన్న తల్లి ఇంకొకావిడ. పంక్తిలో ఆకు ఉచితం. ఆ ఆకు దగ్గరికి నడిచి వెళ్ళడానికి మనం టిక్కెట్ పెట్టాం. తెల్ల కాటన్ బట్ట తానుగా కొని అందరికీ ఒకే రకం అంగీలు కుట్టించి, వేడుక అయ్యాక తిరిగి తీసుకుని ఉతికి బీరువాలో పెడితే ఏటికేడు వాడుకోవచ్చు. ఇది కష్టమైన పనేం కాదు. జ్ఞానస్నానంలో ఇచ్చే తెల్లబట్టకి గుర్తుగానే ఈ తెలుపు కాబట్టి అర్థం కూడా పోదు. "మా అమ్మాయికి మేం కొనుక్కుంటాం, మీకేంటి" అన్నవాళ్ళున్నారు. కొనుక్కోండి, సాయంత్రం ఇంట్లో వెయ్యండి, ఎవరు వద్దన్నారు?

మా పిల్లలకి ఇప్పుడు తెగ నచ్చిన పునీతుడు కార్లో అకూతిస్. 2025 సెప్టెంబరులో పునీతుడిగా ప్రకటించారు. ఇటలీలో పెరిగిన కుర్రాడు, 2006లో పదిహేనేళ్ళకే లుకేమియాతో పోయాడు. ఏడేళ్ళకే మొదటి సత్ప్రసాదం తీసుకున్నాడు. కంప్యూటర్ ప్రోగ్రాములు నేర్చుకుని సత్ప్రసాద అద్భుతాల మీద ఒక వెబ్‌సైటు చేశాడు. (మా ఫీల్డ్‌వాడు పునీతుడయ్యాడని నేను కాలర్ ఎగరేస్తుంటాను, మా ఆవిడ "నువ్వు కాదుగా" అంటుంది.) ఆయన సంగతిలో మీటింగులకి వచ్చే పెద్దలకి నేను గుర్తుచేసేది ఒకటుంది. ఆయన తల్లి అప్పట్లో పెద్దగా గుడికి వెళ్ళే మనిషి కాదు. పిల్లాడి ప్రశ్నలకి జవాబు చెప్పలేక తనే చదువుకోవడం మొదలుపెట్టిందని ఆవిడే చెప్పుకున్నారు.

నా అసలు వాదన అక్కడే ఉంది. తయారీ కావాల్సింది పిల్లలకంటే ముందు మనకి. ఆదివారం తొమ్మిదింటికి పిల్లల్ని గేటు దగ్గర దింపి, గుడి బయట బండి మీద కూర్చుని ఫోను చూసుకుంటూ, పదింటికి ఎక్కించుకుపోయే నాన్నలు మా దగ్గర పదిహేను మందికి తక్కువ లేరు. వాళ్ళలో సగం మంది లోపలికి రారు, పూజకీ రారు. ఏడాదికి ముప్పై నాలుగు గంటలు నేను చెప్పేది, ఇంట్లో మిగతా గంటలన్నీ చూసేదాని ముందు ఏ మూలకి? మన దగ్గర పరీక్ష రాయించాల్సింది ఎవరిచేతనో ఆలోచించండి. నేనేమీ నాన్నలకి మార్కులు వెయ్యమనటం లేదు. నెలకొక్క ఆదివారం తల్లీతండ్రీ పిల్లతో పాటు అదే బెంచీ మీద కూర్చోవాలి అంటున్నాను. అంతే. పని ఉన్నవాళ్ళకి సాయంత్రం బస్తీలోనే ఎవరింట్లోనైనా పెట్టుకోవచ్చు. ఉపదేశిగారు చేసింది అదేగా.

అభ్యంగనం గురించి కూడా రాద్దామనుకున్నాను గానీ టపా ఇప్పటికే చాంతాడైంది. ఒక్క ముక్క: పదమూడు పద్నాలుగేళ్ళకి బిషప్‌గారి చేతుల మీదుగా తైలం పూయించుకున్న మరుసటి వారం నుంచి ఆ పిల్లలు కనపడరు. పరీక్షలతో మొదలుపెట్టిన చదువు ఫేర్‌వెల్ పార్టీతో అయిపోవడంలో ఆశ్చర్యం ఏముంది?

ఆగిపోయిన అయిదుగురి గురించి ఫాదర్‌గారితో మళ్ళీ మాట్లాడాను. వచ్చే ఏడాదిదాకా ఆపకుండా, నెల రోజులు విడిగా చెప్పి, ఆయనే ఒక్కొక్కరితో మాట్లాడి చూస్తానన్నారు. ఫ్లెక్సీలూ డ్రోన్లూ లేకుండా ఏదో ఒక మామూలు ఆదివారం పూజలో ఇవ్వొచ్చు అన్నారు. బుధ, శుక్రవారాలు సాయంత్రం ఏడింటికి ఆ పిల్ల వాళ్ళ బస్తీలోనే క్లాసు పెట్టుకున్నాం. ఆ టైముకి వాళ్ళమ్మ పని నుంచి వచ్చేస్తుంది, తమ్ముణ్ణి ఎత్తుకుని ఆవిడ కూడా గుమ్మం దగ్గర కూర్చుంటుంది. నాకు బుధవారాలు ఆన్‌సైట్ కాల్ ఉంటుంది. ఎవరైనా కతోలికులు, సికింద్రాబాద్ వైపు ఉన్నవాళ్ళు, తెలుగు చక్కగా మాట్లాడేవాళ్ళు, ఆ ఒక్కరోజు చూసుకోగలిగితే చెప్పండి. పుస్తకం నేనిస్తాను.